వినకపోతే మైల లేదు

అప్పలరాజు గడప దాటలేదు. మెట్లన్నీ ఎక్కి గుడి గుమ్మం దాకా వచ్చాడు, లోపలికి మాత్రం కాలు పెట్టలేదు. అప్పలరాజు నా మరిది, మా ఆయన తమ్ముడు. ఏటా కార్తీక పౌర్ణమికి తన తోట జీడిపప్పు మూటకట్టి ప్రసాదానికని తెస్తాడు. లోపలికొస్తూనే గంట వాయించాడంటే బలిఘట్టం ఊరంతా వినపడాలి, "కొంచెం నెమ్మదయ్యా, స్వామికి చెవుడు లేదు" అని పూజారిగారు విసుక్కోవాలి. ఇవాళ మూటా లేదు, గంటా లేదు. మా అబ్బాయి మారుతి నెలనెలా పంపే బీపీ మాత్రల కవరు నా చేతికివ్వకుండా గుమ్మం పక్క అరుగు మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు. "అదేంటయ్యా, లోపలికి రా, తీర్థం తీసుకుందువుగాని" అన్నాను. "మోకాలు పట్టీసినాది వదినా. బేగి ఎల్లిపోవాల. తోటలో కూలోళ్ళున్నారు" అని నా మొహం చూడకుండానే చెప్పి దిగిపోయాడు. పట్టేసిన మోకాలితో ఇన్ని మెట్లెక్కిన మనిషికి ఒక్క గడప అడ్డమొచ్చిందా? కవరు కోసం చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. అరుగు మీంచి దాన్ని తీసుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

మైల. ఇంకేమీ కాదు, మైలే. ఒకే ఇంటిపేరువాళ్ళలో బిడ్డ పుట్టినా మనిషి పోయినా అందరికీ మైల. పది రోజులు గుడి తొక్కకూడదు, దేవుడి సరుకు ముట్టుకోకూడదు, దీక్షలో ఉన్నవాళ్ళని తాకకూడదు. అప్పలరాజుకి వచ్చిందంటే నాకూ వచ్చినట్టే, ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు. మరి నన్నెందుకు ఇక్కడ ఇలా వదిలేశారంటే, పెద్దవాళ్ళు దానికీ ఒక సందు ఉంచారు: చెవిన పడేదాకా అంటదు. వినకపోతే మైల లేదు. పురిటి కబురు పది రోజులు దాటాక వింటే తలస్నానంతో సరి. అందుకే మా వైపు ఇళ్ళల్లో మాల వేసుకున్నవాళ్ళ దగ్గరా, మొక్కులో ఉన్నవాళ్ళ దగ్గరా కబురు దాచేస్తారు, దాచడమే మర్యాద, ఒకరకంగా ప్రేమ కూడా. నేను కార్తీకం నెలంతా గుడి సేవ చేస్తానని మొక్కుకుని ఇక్కడే సేవకుల గదిలో ఉంటున్నాను. నా మొక్కు చెడకూడదని నా దగ్గర దాచారు. అంటే ఇంట్లో ఏదో జరిగింది, పుట్టుకో చావో. అందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలియదు.

మధ్యాహ్నం నైవేద్యం అయ్యాక తలుపులు వేసేశారు. సాయంత్రం దీపాల వేళకి తీస్తారు, అప్పటిదాకా ఈ వంటశాల వసారాలో నేనూ, నా ఒళ్ళో పత్తీ, పళ్ళెంలో వత్తులూ. తెల్లారకుండా ఏట్లో మునకలు వేసిన జనమంతా ఇళ్ళకి పోయారు, పైనుంచి చూస్తే ఒడ్డున దీపాలు ఆరిపోయిన అరటిదొప్పలు నీళ్ళకి అటూ ఇటూ కదులుతున్నాయి. చీకటి పడే వేళకి మళ్ళీ వస్తారు, వచ్చి తలా ఒక మూడువందల అరవై ఐదు వత్తుల కట్ట తీసుకుంటారు. ఏడాది పొడుగునా దీపం పెట్టడానికి తీరికలేనివాళ్ళు ఒక్క సాయంత్రంతో సరిపెట్టేస్తారు, స్వామీ పాపం సరేనంటాడు. ఆ కట్టలన్నీ నెల మొదటినుంచీ ఈ చేతులు చేసినవే. అరచేతిలో కాస్త విబూది, చిటికెడు పత్తి, ఒక్క రాపిడి. నేను చెయ్యమనకపోయినా చేతులు చేసుకుపోతున్నాయి, పుట్టుక, చావు, పుట్టుక, చావు, వత్తికొకటి. ఛీ, ఇదేం జపం, పౌర్ణమి పూట. పత్తి తీసి పక్కన పెట్టాను. చేతులు ఖాళీగా ఉంటే ఇంకా భయం వేసింది, మళ్ళీ తీసుకున్నాను.

గడ్డం ఉంది. అప్పలరాజుకి గడ్డం పెరిగి ఉంది, చావు మైలలో మగవాళ్ళు గడ్డం గియ్యరు. కానీ కార్తీకమాసంలో సగం నర్సీపట్నానికి గడ్డాలే, అబీద్ సెంటర్లో నిలబడితే అందరూ మాలధారులే, నున్నటి మొహం కనపడదు, గడ్డం చూసి ఏం చెప్పగలం. గడ్డం కాదు, నవ్వు చూడాలి. నవ్వు లేదు. కిందటేడు అప్పలరాజే మాల వేసుకున్నాడు. ఆ రోజుల్లోనే వాళ్ళ పినతండ్రి కొడుకు వాసుకి ఆడపిల్ల పుట్టింది. అందరం కలిసి దాచాం, ముందుండి దాచిందాన్ని నేనే. వాసు తెచ్చిన స్వీట్లు అప్పలరాజు కంట పడకుండా బియ్యం డబ్బా వెనక పెట్టాం. అతను వస్తున్నాడంటే టీవీ సౌండు పెంచేవాళ్ళం, ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకుని పమిటలు నోట్లో కుక్కుకునేవాళ్ళం. శబరిమల నుంచి వచ్చాక చెబితే అతనూ పడీపడీ నవ్వాడు, "ఓలమ్మో, నా ఎనకాతల ఇంత నడిసినాదేటి" అని. ఒక్కరిని బయట నిలబెట్టి మిగిలినవాళ్ళంతా ఒకటవడంలో ఎంత సరదా ఉందో అప్పుడు చూశాను. బయట నిలబడ్డవాళ్ళకి ఎలా ఉంటుందో ఇప్పుడు చూస్తున్నాను. అయినా ఒకటి మాత్రం నిజం, మంచి కబురు దాచేవాడి మూతి దగ్గర అది ఉబికి వస్తూనే ఉంటుంది. అప్పలరాజు మూతి బిగించుకుని ఉంది.

నాకు తెలుస్తుంది. ఎవరికి తెలియకపోయినా నాకు తెలియాలి, ఉద్యోగమంతా నర్సీపట్నం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చున్నదాన్ని. ఊళ్ళో ఎవరింట పాప పుట్టినా, ఎవరి తాత పోయినా, ఆ ఇంటివాళ్ళ కన్నా ముందు నా చెవినే పడేది. ట్రంకు కాల్ బుక్ చేసేవాడు హలో అన్నాడంటే చాలు, అవతలి కబురేమిటో సగం తెలిసిపోయేది. పుట్టుక కబురువాడు లైను ఎంత బాగున్నా అరుస్తాడు. చావు కబురువాడు నంబరు రెండుసార్లు తప్పు చెప్తాడు, మూడోసారి నేనే సరిచేసి కలిపేదాన్ని. పాడేరు వైపు నుంచీ, చింతపల్లి నుంచీ, అటు తుని నుంచీ, ఎంతమంది ఏడుపులు, ఎంతమంది కేరింతలు ఈ చెవిలోంచి పోయాయో, ఏ ఒక్కటీ అంటలేదు నాకు. డ్యూటీ దిగి ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని అన్నం తినేసేదాన్ని. ఊరి కబుర్లన్నీ కలిపినదానికి సొంత ఇంటి కబురు కలపడానికి ఒక్కడు లేడు. కోపంగా ఉంది. కోపమా ఏడుపా అని అడిగితే చెప్పలేను.

దుర్గకి నెలలు నిండలేదు. వెంకటదుర్గ, మా కోడలు. పురిటికని పాయకరావుపేటలో వాళ్ళ అమ్మ ఇంట్లో ఉంది. డాక్టరమ్మ సంక్రాంతి ముందని చెప్పింది, ఇప్పుడింకా పౌర్ణమి. నా లెక్క ప్రకారం ఈ నెల సేవ పూర్తిచేసుకుని, పోలి పాడ్యమి దీపాలు వదిలి, ఆ మర్నాడే తుని బస్సెక్కి, పురుడు వచ్చేవేళకి నెల రోజుల ముందే అక్కడ వాలిపోవాలి. కొబ్బరినూనె కాచి పెట్టాలి, నా పాత నేత చీరలు ఉతికి చింపి మెత్తటి గుడ్డలు చెయ్యాలి, కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పొయ్యాలి. సాహితి పుట్టినప్పుడు అలాగే చేశాను. ఎంత నేర్పుగా లెక్క వేసుకున్నానని, దేవుడికింత, పిల్లలకింత, ఎవరికీ తక్కువ కాకుండా. లెక్కలోకి రాని బిడ్డ ముందే వచ్చేసిందేమో. వచ్చి ఉంటే ఉండాల్సిన నవ్వు అప్పలరాజు మొహాన లేదు. రాకుండానే... వద్దు. ఆ మాట లోపల కూడా అనుకోకూడదు, గుడిలో ఉన్నాను.

ఆయన పోయిన ఏడాదే నేను రిటైరయ్యాను. నారాయణమూర్తిగారు గట్టిగా మాట్లాడే మనిషి కాదు, అయినా ఇంట్లో ఆయన దగ్గు ఉండేది, పేపరు మడత విప్పిన చప్పుడు ఉండేది, సాయంత్రం అయిదయ్యేసరికి వంటింటి గుమ్మంలో నిలబడి గ్లాసు బల్ల మీద చిన్నగా కొట్టేవారు, టీ అన్నమాట. ఆ చప్పుడు ఆగిపోయాక సాయంత్రాలు ఎంత పొడుగో తెలిసింది. మారుతి గాజువాక రమ్మన్నాడు, వెళ్ళాను. వాళ్ళిద్దరూ పొద్దున్న పోతే రాత్రికి వస్తారు, సాహితి బడికి పోతుంది, అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో నేనూ కుక్కరూ. ఇక్కడికొస్తే పిల్ల మీద బెంగ. ఒకరోజు ఊరికే దర్శనానికని ఈ గుడికొచ్చి, పూలు కట్టేవాళ్ళు తక్కువయ్యారంటే కూర్చున్నాను. సాయంత్రం దాకా "లలితాంబగారూ, దారం ఏదండీ", "లలితాంబగారూ, నూనె అయిపోయిందండీ" అని ఎవరో ఒకరు పిలుస్తూనే ఉన్నారు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. అందరూ నా భక్తి అంటారు, కాదనను, ఉంది. కానీ ముందు నన్ను ఇక్కడ కట్టిపడేసింది పేరు పెట్టి పిలిచే ఆ గొంతులు. పండగ నెలల్లో గుడి, మిగతా రోజుల్లో పిల్లల దగ్గర అని పంచుకున్నాను. పంచుకున్నానే కాని ఎక్కడా పూర్తిగా లేను. ఇక్కడ వత్తి చేస్తుంటే పిల్లకి జడ ఎవరు వేశారో అనుకుంటాను, అక్కడ జడ వేస్తుంటే గర్భగుడి దీపంలో నూనె చూశారో లేదో అనుకుంటాను. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినదాన్ని, ఏ ఒడ్డువాళ్ళూ నన్ను తమదాన్ని అనుకోరు.

సాహితి అయితే మొహం మీదే అడిగేసింది. వినాయక చవితికి వెళ్ళి, పదిరోజులుండి, బయల్దేరే రోజు సంచీ సర్దుకుంటుంటే వచ్చి సంచీలో కూర్చుంది. ఒకటో క్లాసు పిల్ల, కూర్చుంటే సంచీ నిండిపోయింది. "మామ్మా, దేవుడికి వాళ్ళ మామ్మ లేదా?" అంది. లేదనుకుంటానే అన్నాను. "అందుకే నిన్ను పట్టుకున్నాడు. నాకు ఒక్క మామ్మే కదా ఉంది, ఆయనకేమో అందరూ ఉన్నారు" అంది. దుర్గ వంటింట్లోంచి "తప్పు సాహితీ, అలా అనకూడదు" అంది, అని అటు తిరిగిపోయింది. అప్పుడే తనకి అయిదో నెల వెళ్ళి ఆరు వచ్చింది. సాహితి తర్వాత రెండుసార్లు కడుపు నిలిచీ పోయింది దుర్గకి, రెండోసారైతే అయిదో నెలలో. ఆ పిల్ల గోడకేసి తిరిగి పడుకుని, అత్తయ్యగారూ నావల్లే ఏదో తప్పు జరిగింది కదండీ అని అడిగింది. అందుకని మొక్కుకున్నాను. ఈసారి బిడ్డ దక్కాలి, తల్లీ బిడ్డా క్షేమంగా ఉండాలి, కార్తీకం నెలంతా ఇల్లు తొక్కకుండా నీ సేవ చేస్తానయ్యా అని. దక్కాక చేస్తానని మొక్కి ఉంటే పోయేది. దక్కడానికి ముందే చెయ్యాలనిపించింది, ఆయన్ని కాస్త మొహమాటపెడదామని. ఇప్పుడు మొహమాటంలో పడింది నేనే.

మొక్కు ఎవరి కోసమో వాళ్ళకి అవసరమొచ్చిన వేళకి, మొక్కులో ఉన్నానని నన్ను పక్కన పెట్టారు. ఇందులో తప్పెవరిదంటే ఎవరిదీ లేదు. మారుతి నాకోసమే దాచాడు, అప్పలరాజు నాకోసమే గడప దాటలేదు, దుర్గ కూడా నాకోసమే, అత్తయ్యగారి దీక్ష పోకూడదండీ అని ఆ మంచం మీంచే అని ఉంటుంది, ఆ పిల్ల అలాంటిదే. అందరూ ఇంత బాగా ప్రేమిస్తే మనిషికి ఊపిరాడేదెలా?

వారం నుంచీ వీడియో కాల్ లేదు. రోజూ సాయంత్రం హారతి అయ్యాక ఏడింటికల్లా ఫోన్లో సాహితి మొహం వచ్చేది, ముక్కు దగ్గరగా పెట్టి, ఒక కన్నూ సగం నుదురూ. వారం నుంచీ మారుతి మెసేజీలు మాత్రమే. నెట్ లేదమ్మా. పాపకి హోంవర్కు ఉందమ్మా. నువ్వు మందులు వేసుకుంటున్నావా అమ్మా. పిల్లకి నామీద అలకేమో అనుకున్నాను, ఆ సంచీ రోజు నుంచీ మనసులో పెట్టుకుందేమో, నన్ను మర్చిపోవడం మొదలుపెట్టిందేమో అని రాత్రులు గది కిటికీలోంచి చూస్తూ పడుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని. సాహితికి కడుపులో మాట దాగదు. ఏటికొప్పాక తీసుకెళ్ళి లక్కపిడతలు కొనిచ్చి, నాన్నకి చెప్పకే ఖరీదెక్కువని కోప్పడతాడంటే, గుమ్మంలోనే నాన్నా మామ్మ నీకు చెప్పొద్దంది అని మొదలుపెట్టింది. అందుకే దాన్ని నాకు కనపడనివ్వలేదు. అలక కాదన్నమాట. పిల్ల నన్ను మర్చిపోలేదన్నమాట. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది, వెంటనే తెలిసింది, వారం నుంచీ అంటే, అది జరిగి వారమైందన్నమాట. వారం రోజులుగా గంట ప్రయాణం దూరంలో ఏదో జరుగుతుంటే నేను ఇక్కడ కూర్చుని పత్తి రుద్దుతున్నాను.

దేవుడమ్మ అంట్లు తోముతోంది వెనకాల. గుడి వంటపాత్రలన్నీ తనవే, తనూ నేనూ ఒకే గదిలో పడుకుంటాం, నిద్రలో కూడా మాట్లాడే మనిషి రెండు రోజులుగా పొడిపొడిగా ఉంది. "దేవుడమ్మా, అప్పలరాజు నీతో ఏమైనా చెప్పాడా?" అన్నాను. గిన్నె మీద పీచు ఆగింది. "నాకేటి సెప్తారు అమ్మగోరు. నానెవర్తిని" అంది, అని చప్పుడు ఎక్కువ చేస్తూ తోమడం మొదలుపెట్టింది. కిందటేడు మేం టీవీ సౌండు పెంచినట్టే. సరే, ఈవిడకీ తెలుసు. అడగదలచుకుంటే ఇంకొక్క మాట అడిగితే చాలు, ఆ మనిషి ఏడ్చేసి చెప్పేస్తుంది. నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. భయం. విన్నానంటే మైల, మైలంటే సేవ ఆగిపోతుంది, సేవ ఆగిందంటే మొక్కు చెడుతుంది. చెడిన మొక్కు ఎవరి మీద పడుతుంది? ఆ బిడ్డ ఎక్కడో చావుబతుకుల్లో ఉండి, దాని ఊపిరి ఈ వత్తుల కట్టలకి ముడిపడి ఉంటే? నేను చెవులు మూసుకుని ఇక్కడే కూర్చుంటే బతికి, లేస్తే... స్వామీ, నువ్వు అలాంటివాడివా? చెప్పు. మామ్మ ఇల్లు చేరిందని పసివాళ్ళ మీద కక్ష తీర్చుకునేవాడివే అయితే ఇన్నాళ్ళూ నేను ఎవరికి దీపాలు పెడుతున్నట్టు?

మధ్యాహ్నం ఆయన తలుపులు వేసుకుని ఉన్నాడు కదా. ఏటి మీంచి గాలి వచ్చి పళ్ళెంలో పత్తి కొంచెం ఎగిరింది, దాని మీద చెయ్యి పెట్టి ఆపాను. నా చెయ్యి చూసుకున్నాను, విబూదితో తెల్లగా, గీతల్లో గీతల్లో తెల్లగా. ఈ చేతుల్లోకి సాహితిని ఇచ్చినప్పుడు అది ఆవులించింది, మొహమంతా నోరు చేసుకుని. ఆ రోజు కూడా మైలే. పది రోజులూ దేవుడి గది తలుపు తియ్యలేదు, ఒక్క దీపం పెట్టలేదు, పిల్లని ఒళ్ళో వేసుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా దాని మొహమే చూశాను. దేవుడు లేని ఆ పది రోజులు నేనెప్పుడైనా ఒంటరిగా ఉన్నానా? లేదు. అసలు గుర్తే రాలేదు. మా అత్తగారు అనేవారు, పురుడు అంటే దేవుడు సెలవు ఇవ్వడమే, బాలింతని చూసుకోండర్రా నన్ను తర్వాత చూద్దురుగాని అని. అప్పుడు నవ్వాను. ఇవాళ పత్తి పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. మోకాళ్ళు నావీ పట్టేశాయి.

పూజారిగారు కునుకు తీసి లేచి మొహం కడుక్కుంటున్నారు. దూరంగా నిలబడి, "అయ్యా, నాకు మైల వచ్చిందండి. సాయంత్రం దీపాలకి నేనుండను" అన్నాను. ఆయన తువ్వాలు మొహం మీంచి తీసి గబుక్కున, "ఎవరు చెప్పారమ్మా?" అన్నారు. ఏం మైల అని అడగలేదు, ఏమైందని అడగలేదు, ఎవరు చెప్పారని అడిగారు. ఊరంతా ఒక జట్టు, నేనొక్కదాన్నీ ఒక జట్టు.

"ఎవరూ చెప్పలేదండి."

"అయితే లేనట్టే తల్లీ. మీ మరిది నిన్న కింద నిలబడి కబురంపించి అడిగాడు, చెప్పమంటారా వద్దా అని. వినకపోతే మైల లేదన్నాను. శాస్త్రం అంతే. ఇంకో పక్షం ఓపిక పట్టారంటే మీ మొక్కు నిండుతుంది."

"వినకపోతే మైల లేదు, సరేనండి. వినకపోతే నాకు మనవడూ లేనట్టే కదా."

మనవడని నోరే అనేసింది, నేననలేదు. అనేసి ఆయన కళ్ళలోకి చూశాను. ఆయన కాదనలేదు. బిడ్డ పుట్టాడు, ఉన్నాడు, కనీసం నిన్న అప్పలరాజు కబురంపించేదాకా ఉన్నాడు. ఆయన తువ్వాలు మడతపెట్టారు, విప్పారు, మళ్ళీ మడతపెట్టారు. పెద్దాయన, నాకన్నా పెద్ద, ముగ్గురు మనవల తాతగారు. "ఆ వినేదేదో ఇక్కడ వినకండమ్మా, మెట్లు దిగి వినండి" అన్నారు చివరికి. "అప్పుడు మీరు చేసిన వత్తులన్నీ పనికొస్తాయి. దేవుడమ్మ వెలిగిస్తుంది, మీ ఇంటి పేరు చెప్పి." అంతే అన్నారు. నాకు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది, ముట్టుకోకూడదని గుర్తొచ్చి దూరం నుంచే పెట్టాను.

మెట్లు దిగాను. సంచీ తీసుకోలేదు, మాత్రల కవరూ ఫోనూ తప్ప ఏమీ తీసుకోలేదు. పక్క నుంచి బొరుగుల బండివాడు సాయంత్రం బేరానికి బండి తోసుకొస్తూ "పండగెట్టుకుని ఎల్లిపోతన్నారేటి అమ్మగోరు" అన్నాడు, అవునన్నాను. కింద ఏటి ఒడ్డున తడి ఇసుకలో నిలబడి మారుతి నంబరు నొక్కాను. మోగుతోంది. వాడి హలో వింటాను, ఆ ఒక్క హలోతోనే తెలిసిపోతుంది నాకు, నంబరు తప్పు చెప్పే గొంతా అరిచే గొంతా అని కళ్ళు మూసుకుని కాచుకున్నాను. హలో రాలేదు. ఊపిరి వచ్చింది, చిన్న ఊపిరి, ముక్కు ఫోనుకి ఆనించినట్టు.

"మామ్మా, నేను నీతో మాట్లాడకూడదు" అంది సాహితి రహస్యంగా.

"ఎందుకమ్మా?"

"చెప్పకూడదు. చెప్తే నీ దేవుడు పోతాడంట."

"పోడు. నాన్నేడీ?"

"మందులు తేవడానికి కిందకెళ్ళాడు. ఫోను చార్జింగులో ఉంది. అమ్మ పక్క గదిలో పడుకుంది, ఏడుస్తోంది. అమ్మమ్మకి కళ్ళు తిరిగితే ఇంటికి పంపించేశారు. నేను కుర్చీలో ఉన్నాను." ఆగింది. ఎంత ఆపుకోవాలని చూస్తోందో వినపడుతోంది, వారం రోజులు ఆపుకున్న పిల్ల. నేను చెప్పవే అనలేదు. దాని మీద ఆ భారం పెట్టబుద్ధి కాలేదు. "తల్లీ, నువ్వేం చెప్పకు, నేనే చెప్తాను, తప్పయితే తప్పని చెప్పు. నీకు తమ్ముడు పుట్టాడు" అన్నాను.

అంతే, కట్ట తెగింది. "ఇంతే ఉన్నాడు మామ్మా. నా చెయ్యంత. పేరు కూడా లేదు. ఇక్కడే, తునిలో పెద్దాసుపత్రిలో, గాజుపెట్టెలో పెట్టారు. మూతికి గొట్టం ఉంది. ఎవ్వరూ ముట్టుకోకూడదంట, అమ్మ కూడా ముట్టుకోకూడదంట, అద్దంలోంచే చూడాలంట. రాత్రి కూడా వాడు అక్కడ ఒక్కడే పడుకుంటున్నాడు. బతుకుతాడా అంటే డాక్టరు చూద్దాం అంటాడు, ఎప్పుడూ చూద్దామే."

విన్నాను. రెండు చెవులా విన్నాను. ఏరు పారుతూనే ఉంది, పైన గుడి ఉన్నచోటే ఉంది, నెత్తిన పిడుగేమీ పడలేదు. ముట్టుకోకూడనివాళ్ళం ఇద్దరం అయ్యాం, నేను ఇక్కడా, వాడు అక్కడా. కొంగుతో మొహం తుడుచుకుంటే విబూది అంటుకుంది. తుని బస్సుకి కాంప్లెక్సు దాకా ఆటో, ఆటోకి రోడ్డు దాకా నడక, నడిచేస్తున్నాను అప్పటికే, ఇసుకలో చెప్పులు దిగబడుతున్నాయి.

"సాహితీ, లేచి ఆ అద్దం దగ్గరికి వెళ్ళు. వెళ్ళి, మామ్మ బయల్దేరిందని వాడికి చెప్పు."

"వాడికి వినపడదు మామ్మా. గాజు అడ్డం ఉంది."

"వినపడకపోయినా చెప్పవే" అన్నాను. "వాడికి కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా."